అబిలీన్ నెట్‌వర్క్‌ను గదిలో కట్టి దారులు లెక్కగట్టడం: ప్రాజెక్టు డైరీ

ఒకే మెషీన్ మీద 11 రౌటర్ల బ్యాక్‌బోన్ (నగరాలను కలిపే ప్రధాన నెట్‌వర్క్) కట్టి, ఏ ట్రాఫిక్ ఏ దారిన పోవాలో మనమే లెక్కగట్టి, ఆ దారినే పోతోందో లేదో కొలిచే పని ఇది. సొంతంగా చేసుకోవాలనుకునేవారికి పనికొచ్చేలా దశలవారీగా రాస్తున్నాను. సాఫీగా జరిగిన పనులను ఒక్క వాక్యంలో దాటేస్తాను, ఇరుక్కున్న చోట ఆగుతాను.

దశ 0: ఏ నెట్‌వర్క్, ఏ లెక్కలు

అమెరికా విశ్వవిద్యాలయాల కోసం ఇంటర్నెట్2 సంస్థ నడిపిన అబిలీన్ బ్యాక్‌బోన్‌ను ఎంచుకున్నాను. ట్రాఫిక్ ఇంజనీరింగ్ పరిశోధనలో ఎక్కువగా కనిపించే నెట్‌వర్క్‌లలో ఇదొకటి. 11 నగరాలు, 14 లింకులు. అట్లాంటా-ఇండియానాపోలిస్ లింకు 2.5 గిగాబిట్లు, మిగతావన్నీ 10 గిగాబిట్లు. గదిలో అన్నిటినీ వందో వంతుకు కుదించాను: 13 లింకులు 100 మెగాబిట్లు, ఒకటి 25.

నేను పెట్టుకున్న మెట్రిక్‌లు, అంటే ఒక్కో లింకు దాటడానికి రౌటర్ లెక్కవేసుకునే ఖర్చు అంకెలు (రెండు దిశల్లోనూ ఒకటే):

- సియాటిల్-సన్నీవేల్ 861, సియాటిల్-డెన్వర్ 2095
- సన్నీవేల్-లాస్ ఏంజెలిస్ 366, సన్నీవేల్-డెన్వర్ 1295
- లాస్ ఏంజెలిస్-హ్యూస్టన్ 1893, డెన్వర్-కాన్సస్ సిటీ 639
- కాన్సస్ సిటీ-హ్యూస్టన్ 902, కాన్సస్ సిటీ-ఇండియానాపోలిస్ 548
- హ్యూస్టన్-అట్లాంటా 1176, ఇండియానాపోలిస్-అట్లాంటా 587
- ఇండియానాపోలిస్-చికాగో 260, చికాగో-న్యూయార్క్ 700
- అట్లాంటా-వాషింగ్టన్ 846, వాషింగ్టన్-న్యూయార్క్ 233

డిమాండ్లు (ఎక్కడి నుంచి ఎక్కడికి సెకనుకు ఎంత ట్రాఫిక్ పోవాలన్నది) మాత్రం అబిలీన్‌లో కొలిచినవి కావు, ఇబ్బంది బయటపడేలా నేను పెట్టినవి. అన్నీ మెగాబిట్లలో:

1. సియాటిల్ నుంచి న్యూయార్క్: 40
2. సన్నీవేల్ నుంచి న్యూయార్క్: 30
3. లాస్ ఏంజెలిస్ నుంచి న్యూయార్క్: 30
4. సన్నీవేల్ నుంచి వాషింగ్టన్: 20
5. లాస్ ఏంజెలిస్ నుంచి చికాగో: 20
6. హ్యూస్టన్ నుంచి న్యూయార్క్: 25
7. డెన్వర్ నుంచి చికాగో: 10

మొత్తం 175. ఈ డైరీ అంతా ఈ 175ని మోయడం గురించే.

దశ 1: ల్యాబ్ కట్టడం

లైనక్స్ నేమ్‌స్పేస్‌లు (ఒకే మెషీన్‌లో విడివిడి నెట్‌వర్క్ గదులు), వాటి మధ్య వీఈత్ జతలు (వర్చువల్ తీగలు), ప్రతి నేమ్‌స్పేస్‌లో ఎఫ్ఆర్ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్. వర్చువల్ మెషీన్లు అక్కర్లేదు. ప్రతి రౌటర్ వెనుక ఒక హోస్ట్ నేమ్‌స్పేస్ కూడా పెట్టండి. ట్రాఫిక్‌ను రౌటర్ నుంచే పుట్టిస్తే 7వ దశలో హాష్ (ప్యాకెట్ ఏ దారిన పోవాలో దాని చిరునామాలను బట్టి తేల్చే లెక్క) సరిగ్గా పనిచేయదు.

1. ఎంపీఎల్ఎస్ అంటే ప్యాకెట్లకు లేబుళ్ళు అంటించి, వాటిని బట్టి దారి నడిపే పద్ధతి. దానికోసం ఎంపీఎల్ఎస్ రౌటర్, ఎంపీఎల్ఎస్ ఐపీ టన్నెల్ అనే రెండు కెర్నెల్ మాడ్యూళ్ళు ఎక్కించాలి.
2. ప్లాట్‌ఫామ్ లేబుల్స్ సెట్టింగ్ మామూలుగా 0 ఉంటుంది. నేను వాడిన సెగ్మెంట్ రౌటింగ్ (6వ దశలో వివరిస్తాను) లేబుళ్ళ శ్రేణి 16000 నుంచి 23999, కాబట్టి అంతకంటే పెద్ద సంఖ్య ఇవ్వాలి.
3. ప్రతి ఇంటర్‌ఫేస్ మీద ఎంపీఎల్ఎస్ ఇన్‌పుట్‌ను 1 చేయాలి.
4. 2, 3 అంకెల పనిని ప్రతి నేమ్‌స్పేస్ లోపలా విడిగా చేయాలి. హోస్ట్ మెషీన్‌లో పెట్టిన విలువ లోపలికి రాదు.
5. వీఈత్‌ల ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1600కి పెంచాలి. ఒక్కో లేబుల్‌కి 4 బైట్లు ఖర్చవుతాయి.
6. లింకు వేగాన్ని టీసీ టీబీఎఫ్‌తో (లైనక్స్‌లో వేగాన్ని పరిమితం చేసే సాధనం) రెండు వైపులా కట్టాలి. ముందుగా ఈత్‌టూల్‌తో టీఎస్ఓ, జీఎస్ఓ (డేటాను ముద్దగా ఉంచి చివర్లో ముక్కలు చేసే సదుపాయాలు) ఆపేయండి. లేకపోతే పెద్ద ముద్దలుగా వచ్చే ప్యాకెట్ల వల్ల కొలతలు ఊగుతాయి.

బర్స్ట్ (ఒక్కసారిగా వదలగలిగే బైట్లు) విలువ మీద ఎక్కువ సమయం పోయింది. అది చిన్నదైతే లింకు తన వేగాన్ని అందుకోదు. కెర్నెల్ టిక్ సెకనుకు 250 అయితే, 100 మెగాబిట్ల లింకుకి ఒక్కో టిక్‌లో 50,000 బైట్లు పోవాలి. అందుకని 64 కిలోబైట్లు పెట్టాను. 25 మెగాబిట్ల లింకుకి 16 చాలు.

ఐఎస్-ఐఎస్‌లో (రౌటర్లు తమ లింకుల వివరాలు ఒకదానికొకటి చెప్పుకుని చిన్న దారి కనుక్కునే ప్రోటోకాల్) లింకు బ్యాండ్‌విడ్త్ ప్రకటించే చోట ఒక ఉచ్చు ఉంది. ఎఫ్ఆర్ఆర్ లింక్ పారామ్స్‌లో ఇచ్చే విలువ బిట్లలో కాదు, సెకనుకు బైట్లలో. ప్రమాణంలోనే అలా ఉంది. 100 మెగాబిట్లకు 1,25,00,000 రాయాలి, 25కి 31,25,000. బిట్లనుకుని రాస్తే దారి లెక్క వేసే ప్రోగ్రాం దృష్టిలో లింకు ఎనిమిది రెట్లు వెడల్పవుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, అన్ని డిమాండ్లూ హాయిగా పట్టేసినట్టు చూపిస్తుంది. అన్నీ ఒకేసారి పట్టేశాయంటే ముందు దీన్నే అనుమానించండి.

దశ 2: మామూలు దారి, అసలు ఇబ్బంది

ఐఎస్-ఐఎస్ తన పద్ధతిలో తాను అతి తక్కువ మెట్రిక్ దారి ఎంచుకుంటుంది. లాస్ ఏంజెలిస్ నుంచి న్యూయార్క్‌కి దక్షిణాన హ్యూస్టన్, అట్లాంటా, వాషింగ్టన్ మీదుగా 4148. ఉత్తరాన సన్నీవేల్, డెన్వర్, కాన్సస్ సిటీ, ఇండియానాపోలిస్, చికాగో మీదుగా 3808. ఉత్తరమే గెలుస్తుంది. హ్యూస్టన్ డిమాండ్ ఒక్కటి తప్ప మిగతా ఆరూ ఇలా ఉత్తరానికే పోతాయి.

లింకుల మీద పడిన బరువు:

- డెన్వర్-కాన్సస్ సిటీ: 150
- కాన్సస్ సిటీ-ఇండియానాపోలిస్: 150
- ఇండియానాపోలిస్-చికాగో: 150
- చికాగో-న్యూయార్క్: 120
- సన్నీవేల్-డెన్వర్: సరిగ్గా 100
- హ్యూస్టన్-అట్లాంటా: 25
- లాస్ ఏంజెలిస్-హ్యూస్టన్: 0

100 పట్టే లింకు మీద 150 పడుతుంటే, పక్కనే దేశం అడ్డంగా వేసిన ఇంకో 100 లింకు ఖాళీగా పడి ఉంది. నెట్‌వర్క్‌లో చోటు లేక కాదు ఈ ఇబ్బంది.

కొలత గురించి రెండు మాటలు. ఐపెర్ఫ్3ని (కొలత కోసం ట్రాఫిక్ పుట్టించే సాధనం) యూడీపీలోనే నడపండి. టీసీపీ అయితే రద్దీని చూసి తనే తగ్గిపోతుంది, లింకు ఎంత ఓవర్‌లోడ్ అయిందో కనపడదు. రెండోది, ఐపెర్ఫ్3కి ఇచ్చే వేగం లోపలి డేటాది మాత్రమే. 1400 బైట్ల డేటాకు ఐపీ, యూడీపీ హెడర్లు 28, ఈథర్నెట్ 14 కలిపి తీగ మీద 1442 పోతాయి. అందుకే సన్నీవేల్-డెన్వర్ మీద 100కి 100 లెక్క సరిపోవాల్సిన చోట 103 పడి నష్టం మొదలైంది. రెండు లేబుళ్ళు కూడా కలిపితే 1450. అప్పటినుంచి ప్రతి డిమాండ్‌నూ 1400/1450తో గుణించి ఇస్తున్నాను. 40 మెగాబిట్లంటే ఐపెర్ఫ్3కి 38.6.

ఖర్చు లెక్క కూడా పెట్టుకున్నాను: ప్రతి డిమాండ్‌నూ దాని దారి మెట్రిక్‌తో గుణించి కూడితే వచ్చేది. దారి ఎంత చుట్టు తిరిగిందో ఇది చెబుతుంది.

*ఇప్పటివరకు: అతి నిండిన లింకు 150 శాతం, ఖర్చు 5,93,685.*

దశ 3: ఒక్క మెట్రిక్ మారిస్తే?

లేబుళ్ళ జోలికి పోకముందు చవకైన మందు చూశాను. 2000లో ఫోర్ట్జ్, థోరప్ అనే పరిశోధకులు ఓఎస్‌పీఎఫ్ (ఐఎస్-ఐఎస్ లాంటిదే ఇంకో ప్రోటోకాల్) వెయిట్లను, అంటే మెట్రిక్‌లను, వెతికి మార్చడంతోనే చాలా రద్దీ తగ్గించవచ్చని చూపించారు. మన 14 లింకుల్లో ఒక్కటి చాలు: కాన్సస్ సిటీ-ఇండియానాపోలిస్ మెట్రిక్‌ను 548 నుంచి 1198 చేశాను, అంటే 650 పెంచాను.

లాస్ ఏంజెలిస్-న్యూయార్క్ 30, సన్నీవేల్-వాషింగ్టన్ 20 దక్షిణానికి మళ్ళాయి. ఉత్తరాన 100, హ్యూస్టన్-అట్లాంటా మీద 75. ఒక్క లైన్ మార్పుతో 150 శాతం 100కి దిగింది.

ఎంత పెంచాలన్నదే చిక్కు. 607 కంటే తక్కువ పెంచితే సన్నీవేల్-వాషింగ్టన్ పూర్తిగా కదలదు. 808 దాటితే లాస్ ఏంజెలిస్-చికాగో డిమాండ్ అట్లాంటా నుంచి ఇండియానాపోలిస్‌కి ఎక్కే 25 మెగాబిట్ల చిన్న లింకులో దూరుతుంది. 1072 దాటితే సన్నీవేల్-న్యూయార్క్ కూడా దక్షిణానికి వచ్చి హ్యూస్టన్-అట్లాంటా 125కి పోతుంది. మెట్రిక్ మార్పు ఒక డిమాండ్‌కి చెప్పే మాట కాదు. ఆ లింకు మీదుగా పోయే ప్రతి ఒక్కరికీ అదే వర్తిస్తుంది. పైగా మెట్రిక్ మార్చిన క్షణంలో 11 రౌటర్లూ ఒకేసారి కొత్త దారికి రావు, కాసేపు ప్యాకెట్లు తిరుగుళ్ళలో పడతాయి. నడిచే నెట్‌వర్క్‌లో దీన్ని రోజుకోసారి చేయడానికి నాకు మనసొప్పదు.

*ఇప్పటివరకు: 100 శాతం, ఖర్చు (పాత మెట్రిక్‌లతో) 6,16,005.*

మెట్రిక్‌ను మళ్ళీ 548కి తెచ్చి ముందుకు వెళ్ళాను.

దశ 4: ఒక్కొక్కటిగా దారి లెక్క

సీఎస్‌పీఎఫ్ అంటే అతి చిన్న దారి కనుక్కునే డైక్‌స్ట్రా లెక్కే. కాకపోతే ముందుగా, అడిగిన బ్యాండ్‌విడ్త్ మిగలని లింకులను పటం నుంచి తీసేస్తాం. దారి దొరకగానే ఆ మేరకు లింకుల్లో చోటు కోసేసి, తర్వాతి డిమాండ్‌కి వెళ్తాం. ఎంపీఎల్ఎస్ టీఈ (లేబుళ్ళతో ట్రాఫిక్ ఇంజనీరింగ్) నడిపే రౌటర్లు తమ తమ టన్నెళ్ళకు (ముందే కట్టిన లేబుల్ మార్గాలకు) చేసేది ఇదే. పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీ పెట్టుకుంటే చిన్న ఫైల్.

పైన రాసిన 1 నుంచి 7 వరుసలోనే నడిపాను:

1. మొదటి మూడూ ఉత్తరానికి వెళ్ళాయి. 40, 30, 30. డెన్వర్-కాన్సస్ సిటీ నిండిపోయింది.
2. సన్నీవేల్-వాషింగ్టన్ దక్షిణానికి మళ్ళింది, మెట్రిక్ 4281.
3. లాస్ ఏంజెలిస్-చికాగోకి ఇండియానాపోలిస్ వైపు చోటు లేదు. వాషింగ్టన్, న్యూయార్క్ దాకా వెళ్ళి వెనక్కి చికాగో వచ్చింది. 3108 కాస్తా 4848.
4. హ్యూస్టన్ మామూలుగానే.
5. చివర మిగిలిన డెన్వర్-చికాగో 10 మెగాబిట్లు.

ఈ చివరిదాన్ని చూడండి. మామూలు దారి కాన్సస్ సిటీ, ఇండియానాపోలిస్ మీదుగా 1447. అది నిండిపోయింది కాబట్టి డెన్వర్ నుంచి ముందు పడమరకు సన్నీవేల్, అక్కడి నుంచి లాస్ ఏంజెలిస్, హ్యూస్టన్, అట్లాంటా, వాషింగ్టన్, న్యూయార్క్, ఆఖరికి చికాగో. మెట్రిక్ 6509. విజయవాడలో రాజమండ్రి బస్సెక్కినవాణ్ణి హైదరాబాద్, నాగపూర్, కోల్‌కతా చుట్టి దింపినట్టుంది. లెక్క ప్రకారం తప్పేమీ లేదు, ప్రతి లింకులోనూ చోటుంది, డిమాండ్ పట్టింది. ప్రోగ్రాం విజయవంతం అనే చెప్పింది. అందుకే ‘ఎన్ని పట్టాయి’ అన్న సంఖ్య ఒక్కటే చూడకండి, పక్కన ఖర్చు కూడా చూడండి.

*ఈ వరుసలో: 100 శాతం, ఖర్చు 6,91,225.* ఒక్క మెట్రిక్ మార్పు కంటే ఇది అధ్వానం.

డిమాండ్లను చిన్న నుంచి పెద్దకు పేర్చి మళ్ళీ నడిపాను. ఈసారి 10, 20, 20 ముందే ఉత్తరాన సర్దుకున్నాయి. 25 దక్షిణానికి, సన్నీవేల్ 30 ఉత్తరానికి, లాస్ ఏంజెలిస్ 30 దక్షిణానికి. చివర సియాటిల్ 40కి ఉత్తరాన 20 మాత్రమే మిగలడంతో సన్నీవేల్, లాస్ ఏంజెలిస్ మీదుగా దక్షిణం పట్టింది, మెట్రిక్ 5375.

*చిన్నవి ముందు: 95 శాతం, ఖర్చు 6,49,205.*

నెట్‌వర్క్ అదే, డిమాండ్లు అవే, లెక్క పద్ధతీ అదే. మారింది వరుస ఒక్కటే. నిజమైన నెట్‌వర్క్‌లో ఆ వరుసను ఎవరూ ఎంచుకోరు. ఏ రౌటర్ ముందు రీబూట్ అయితే దానిదే ముందు. ఇక్కడే నాకు పీసీఈ, అంటే దారులన్నిటినీ ఒకచోట కూర్చుని లెక్కగట్టే యంత్రం, ఎందుకో అర్థమైంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2006లో ఆర్ఎఫ్‌సీ 4655 పత్రంలో దాని రూపం రాసింది. రౌటర్‌కి తన టన్నెళ్ళే తెలుసు, పీసీఈకి అందరివీ తెలుస్తాయి.

దశ 5: అన్నీ కలిపి లెక్క

ముందు కాగితం మీద హద్దు చూసుకున్నాను. పడమర నుంచి తూర్పుకి ఏ ట్రాఫిక్ వెళ్ళినా కాన్సస్ సిటీ-ఇండియానాపోలిస్ లేదా హ్యూస్టన్-అట్లాంటా దాటాల్సిందే. రెండూ కలిపి 200, దాటాల్సింది 175. కాబట్టి ఎంత తెలివిగా లెక్కగట్టినా 87.5 శాతం కంటే కిందికి రాదు. డిమాండ్‌ను ముక్కలు చేయకూడదంటే ఇంకాస్త పైకి: హ్యూస్టన్ 25 ఉన్న వైపు మొత్తం ఎప్పుడూ 5తో ముగుస్తుంది, దగ్గరి జత 85-90. అంటే 90 శాతం.

ఈ హద్దు ముందే తెలియడం ఎంతో మేలు. 95 వచ్చినప్పుడు ఇంకా వెతకాలా, ఆపాలా అన్నది తెలుస్తుంది.

పద్ధతి:

1. ప్రతి డిమాండ్‌కి యెన్ అల్గారిథంతో (1971 నాటిది, నెట్‌వర్క్‌ఎక్స్‌లో సిద్ధంగా ఉంటుంది) మొదటి కొన్ని చిన్న దారులు తీయాలి.
2. డిమాండ్‌కి ఒక దారి చొప్పున అన్ని కలయికలూ పరీక్షించాలి.
3. అతి నిండిన లింకు తక్కువైనదాన్ని, సమానమైతే ఖర్చు తక్కువైనదాన్ని ఉంచాలి.

డిమాండ్‌కి రెండేసి దారులతో 128 కలయికలు. దొరికిన ఉత్తమం 120 శాతం. అంటే దశ 4 కంటే, దశ 3 కంటే కూడా వెనక్కి. దారుల జాబితా అచ్చు వేసి చూస్తే కారణం తెలిసింది. సన్నీవేల్-న్యూయార్క్ మొదటి దారి 3442. రెండోది 4148, కానీ అది కూడా డెన్వర్, కాన్సస్ సిటీ, ఇండియానాపోలిస్ దాటాకే అట్లాంటా వైపు తిరుగుతుంది. రద్దీ ఉన్న లింకులు రెండింటికీ ఉమ్మడి. దక్షిణపు దారి మూడోది, 4514. రెండో చిన్న దారి అంటే వేరే దారి అని కాదు, చాలాసార్లు అదే దారి చివర్లో కాస్త పక్కకు తిరుగుతుందంతే.

మూడేసి దారులతో 2,187 కలయికలు. వెంటనే 90 శాతం వచ్చింది. సన్నీవేల్-న్యూయార్క్, లాస్ ఏంజెలిస్-న్యూయార్క్ రెండూ దక్షిణానికి, మిగతావి యథాతథం. డెన్వర్-కాన్సస్ సిటీ 90, హ్యూస్టన్-అట్లాంటా 85.

*ఇప్పటివరకు: 90 శాతం, ఖర్చు 6,36,045. దారి మార్చాల్సినవి రెండే డిమాండ్లు.*

ఏడు డిమాండ్లు కాబట్టి అన్ని కలయికలూ చూడగలిగాను. 11 నగరాల మధ్య అన్ని జతలూ తీసుకుంటే 110. అప్పుడు ఈ పద్ధతి ఎందుకూ పనికిరాదు, ఇంటిజర్ ప్రోగ్రామింగ్ సాల్వర్‌కి (పూర్ణాంకాలతో ఉత్తమ పరిష్కారం వెతికే ప్రోగ్రాంకి) ఇవ్వాలి.

దశ 6: లెక్కలోని దారిని తీగ మీదికి తేవడం

ఈ దశకు ఎక్కువ చోటిస్తున్నాను, ఎందుకంటే లెక్క సరిగ్గా ఉన్నా ట్రాఫిక్ వేరే చోటికి పోయేది ఇక్కడే.

సెగ్మెంట్ రౌటింగ్‌లో ప్యాకెట్ మీద లేబుళ్ళ దొంతర పెడతాం. ఒక్కో లేబుల్ ఒక మజిలీ. మజిలీకీ మజిలీకీ మధ్య మళ్ళీ ఐఎస్-ఐఎస్ చిన్న దారే. నా లేబుళ్ళు: లాస్ ఏంజెలిస్ 16003, హ్యూస్టన్ 16006, అట్లాంటా 16009, న్యూయార్క్ 16011. సన్నీవేల్ 30ని దక్షిణానికి తిప్పడానికి మూడు దొంతరలు పరీక్షించాను.

- 16003, 16011. లాస్ ఏంజెలిస్ వెళ్ళి న్యూయార్క్ వెళ్ళు. వినడానికి బాగుంది. కానీ లాస్ ఏంజెలిస్ నుంచి న్యూయార్క్‌కి చిన్న దారి సన్నీవేల్ మీదుగానే! ప్యాకెట్ లాస్ ఏంజెలిస్ తాకి, అదే తీగ మీద వెనక్కి వచ్చి, డెన్వర్ పట్టింది. లాస్ ఏంజెలిస్ నుంచి సన్నీవేల్ వైపు కౌంటర్ 20 ఉండాల్సింది 50 చూపించింది. డెన్వర్-కాన్సస్ సిటీ మీద 120.
- 16009, 16011. లాస్ ఏంజెలిస్ రౌటర్‌లో ఇదే దొంతర చక్కగా పనిచేస్తుంది, అక్కడి నుంచి అట్లాంటాకి చిన్న దారి హ్యూస్టన్ మీదుగా 3069. సన్నీవేల్‌లో పెడితే అక్కడి నుంచి అట్లాంటాకి చిన్న దారి డెన్వర్, ఇండియానాపోలిస్ మీదుగా, అదీ 3069. 30 మెగాబిట్లు తీసుకెళ్ళి 25 మెగాబిట్ల లింకులో దూర్చింది.
- 16006, 16011. సన్నీవేల్ నుంచి హ్యూస్టన్‌కి 2259, లాస్ ఏంజెలిస్ మీదుగా. హ్యూస్టన్ నుంచి న్యూయార్క్‌కి 2255, దక్షిణంగా. రెండు ముక్కలూ మనకు కావాల్సిన దారే. లాస్ ఏంజెలిస్‌కి కూడా ఇదే దొంతర సరిపోయింది.

స్క్రిప్ట్‌కి ఈ పని అప్పజెప్పాను: లెక్కలో వచ్చిన దారి తీసుకుని, మొదటి నుంచి ఎంత దూరం దాకా ఐఎస్-ఐఎస్ చిన్న దారి దానితో కలుస్తుందో చూసి, విడిపోయే ముందు నోడ్ దగ్గర ఒక లేబుల్ పెట్టి, అక్కడి నుంచి మళ్ళీ మొదలు. ఏ ముక్కలోనైనా సమాన మెట్రిక్ దారులు రెండుంటే అది కలిసినట్టు కాదు, అక్కడ అడ్జసెన్సీ లేబుల్ (ఫలానా లింకు మీదుగానే పొమ్మనేది) పెట్టాలి.

సరైన దొంతర పెట్టాక కూడా సన్నీవేల్ నుంచి న్యూయార్క్‌కి పింగ్ రాలేదు. ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌లో న్యూయార్క్ రౌటర్‌కి ప్యాకెట్ చేరుతోంది, వెనుక ఉన్న హోస్ట్‌కి మాత్రం అందడం లేదు. కెర్నెల్ కౌంటర్లు చూపించే ఎన్‌స్టాట్‌లో ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ కౌంటర్ పెరుగుతూ కనిపించింది. విషయం ఇది: చివరి లేబుల్‌ను వాషింగ్టన్ తీసేస్తుంది, న్యూయార్క్‌కి మామూలు ఐపీ ప్యాకెట్‌గా వస్తుంది. సన్నీవేల్‌కి తిరుగుదారి న్యూయార్క్ దృష్టిలో చికాగో వైపు. వాషింగ్టన్ వైపు నుంచి వచ్చిందేమిటని కెర్నెల్ పారేస్తుంది. వెళ్ళే దారీ వచ్చే దారీ వేరు కావడం ట్రాఫిక్ ఇంజనీరింగ్‌లో మామూలే, కాబట్టి ఈ తనిఖీ చేసే ఆర్‌పీ (రివర్స్ పాత్) ఫిల్టర్ తీసేయాల్సిందే. ‘ఆల్’ (అన్ని ఇంటర్‌ఫేస్‌లకూ ఉమ్మడి సెట్టింగ్) కింద 0 పెడితే చాలదు. ఆల్ విలువ, ఇంటర్‌ఫేస్ విలువ రెండింటిలో పెద్దదాన్నే కెర్నెల్ తీసుకుంటుంది. రెండు చోట్లా 0 చేశాక పింగ్ వచ్చింది.

ఏడు డిమాండ్లనూ ఒకేసారి నడిపాను. ఎక్కడా నష్టం లేదు, లింకు కౌంటర్లు లెక్కతో కలిశాయి.

దశ 7: ముక్కలు చేస్తే 87.5 వస్తుందా

లీనియర్ ప్రోగ్రామింగ్‌తో ముక్కలు అనుమతించి లెక్కగడితే సరిగ్గా 87.5 శాతం, ఖర్చు 6,29,405. లాస్ ఏంజెలిస్-న్యూయార్క్, సన్నీవేల్-వాషింగ్టన్ పూర్తిగా దక్షిణానికి. సన్నీవేల్-న్యూయార్క్ 30లో 12.5 దక్షిణానికి, 17.5 ఉత్తరానికి. నిష్పత్తి 5:7. కాగితం మీద 90 శాతం పరిష్కారం కంటే అన్ని విధాలా మెరుగు.

లైనక్స్ రూట్‌లో రెండు నెక్స్ట్‌హాప్‌లకు (తర్వాతి మజిలీలకు) 5, 7 వెయిట్లు ఇచ్చాను. మొత్తం 30 ఒకే వైపు పోయింది. మల్టీపాత్ హాష్ పాలసీ మామూలుగా 0, అంటే పంపేవారి, అందుకునేవారి చిరునామాలు మాత్రమే చూస్తుంది. రెండు హోస్ట్‌ల మధ్య ఎన్ని స్ట్రీమ్‌లున్నా హాష్ ఒకటే. పాలసీ 1 చేస్తే పోర్టులు కూడా చూస్తుంది.

ఆ తర్వాత 2.5 మెగాబిట్ల స్ట్రీమ్‌లు 12 నడిపితే 5-7గా విడిపోవాలి కదా. పరుగు పరుగుకీ మారింది. దక్షిణానికి 4, ఉత్తరానికి 8 పడినప్పుడు ఉత్తరం 90 శాతం. 8-4గా పడినప్పుడు హ్యూస్టన్-అట్లాంటా 95. అదే 30 మెగాబిట్లను 120 స్ట్రీమ్‌లుగా పంపితే 87.5కి దగ్గరగా నిలబడింది.

కొద్దిపాటి పెద్ద ఫ్లోలు ఉండే నెట్‌వర్క్ అయితే ముక్కలు చేయకుండా 90 దగ్గరే ఆగడం నా నిర్ణయం. ముందుకు తీసుకెళ్తున్నది ఆ పరిష్కారాన్నే.

దశ 8: డెన్వర్-కాన్సస్ సిటీ తెగితే

లింకు దించాను. పడమర నుంచి 150 రావాలి, మిగిలింది లాస్ ఏంజెలిస్-హ్యూస్టన్ 100 ఒక్కటే. ఎవరు లెక్కగట్టినా 50 పట్టదు. పడమర డిమాండ్లు ఆరింటిలోనూ దాదాపు మూడో వంతు నష్టం కనిపించింది. చిన్న డెన్వర్-చికాగోకి కూడా అంతే.

కాబట్టి ఎవరి 50 ఆగాలి అన్నది తేల్చాలి. ఆర్ఎస్‌వీపీ-టీఈలో (దారి పొడవునా చోటు రిజర్వ్ చేసే ప్రోటోకాల్) 0 నుంచి 7 దాకా ప్రాధాన్యాలు ఉంటాయి, 0 అన్నిటికంటే పైది. నా లెక్కలో 10, 20, 20లకు 2, సియాటిల్ 40కి 3, న్యూయార్క్‌కి పోయే రెండు 30లకు 5 ఇచ్చాను. పైవి 90 పట్టాయి. రెండు 30లకు దారి లేదని ప్రోగ్రాం చెప్పింది.

నష్టం మాత్రం ఏమీ తగ్గలేదు. దారి లేదని చెప్పింది నా ప్రోగ్రాం, నెట్‌వర్క్ కాదు. సెగ్మెంట్ రౌటింగ్‌లో మధ్య రౌటర్లు చోటు లెక్కపెట్టవు. దారి దొరకని ట్రాఫిక్ ఆగదు, మామూలు ఐఎస్-ఐఎస్ దారిన అదే లింకులోకి వచ్చి పడుతుంది. బ్యాండ్‌విడ్త్ ఖాతా పీసీఈ దగ్గర ఉంటే, దాన్ని అమలు చేయాల్సింది అంచున. గూగుల్ తన డేటా సెంటర్ల మధ్య నడిపే బీ4 గురించి 2013లో ప్రచురించిన పేపర్‌లో చాలా లింకులు దాదాపు 100 శాతం నిండి నడుస్తాయని రాసింది. పంపే అంచులోనే వేగాన్ని కట్టగలగడం అందుకొక ముఖ్య కారణం.

సన్నీవేల్, లాస్ ఏంజెలిస్ రౌటర్లలో హోస్ట్ వైపు ఇంటర్‌ఫేస్ మీద, న్యూయార్క్‌కి పోయే ట్రాఫిక్‌కి టీసీ పోలీస్ (పరిమితి దాటిన ప్యాకెట్లను పారేసేది) పెట్టి తలా 4 మెగాబిట్లకు కట్టాను. లాస్ ఏంజెలిస్-హ్యూస్టన్ 98 దగ్గర నిలిచింది. మిగతా నాలుగింటికీ నష్టం పోయింది.

మిగతా 13 లింకులనూ ఇలాగే ఒక్కొక్కటిగా తెంపి లెక్కగట్టాను. ఆరు లింకులు తెగితే 175 మొత్తం పడుతుంది: సియాటిల్ రెండు లింకులు, సన్నీవేల్-డెన్వర్, సన్నీవేల్-లాస్ ఏంజెలిస్, కాన్సస్ సిటీ-హ్యూస్టన్, ఇండియానాపోలిస్-అట్లాంటా. వీటిలో సన్నీవేల్-లాస్ ఏంజెలిస్ తెగినప్పుడు డెన్వర్-కాన్సస్ సిటీ సరిగ్గా 100కి వస్తుంది. మిగతా ఎనిమిదింటికి కనీసం ఆపాల్సినవి, మెగాబిట్లలో:

- డెన్వర్-కాన్సస్ సిటీ, లాస్ ఏంజెలిస్-హ్యూస్టన్: 50
- కాన్సస్ సిటీ-ఇండియానాపోలిస్, హ్యూస్టన్-అట్లాంటా: 75
- ఇండియానాపోలిస్-చికాగో, అట్లాంటా-వాషింగ్టన్: 75
- వాషింగ్టన్-న్యూయార్క్: 55
- చికాగో-న్యూయార్క్: 45

ఈ ఎనిమిదింటికీ పోలీస్ విలువలు ముందే లెక్కగట్టి, లింకుకో ఫైల్ చొప్పున అంచు రౌటర్లలో పెట్టేశాను. ఐఎస్-ఐఎస్‌లో లింకు పడిపోయిందన్న వార్త రాగానే ఆ ఫైల్ అమలవుతుంది. తర్వాతి దశలో స్క్రిప్ట్ చేతిపనిని తీసేసి, టీసీపీ 4189 పోర్టు మీద పీసీఈపీతో (పీసీఈ రౌటర్లతో మాట్లాడే ప్రోటోకాల్) దొంతరలు పంపాలి.